బుజ్జి భీమ్ పెట్టాలా, జెల్లీస్టోన్ పెట్టాలా? పాత కార్టూన్ పాత్రలతో వచ్చిన కొత్త సీరియల్స్‌లో ఏది ఏ పిల్లలకి

పోయిన వేసవిలో మా అక్క కొడుకు గుంతకల్లు నుంచి సెలవులకి అనంతపురం మా ఇంటికి వచ్చాడు. వాడికి పదకొండేళ్లు. మా పాపకి ఎనిమిది, చిన్నోడికి నాలుగు. పొద్దున ఉగ్గాణి, బజ్జీ తిని ఆడుకోవడానికి బయటికి వెళితే పదింటికల్లా ఎండకి తాళలేక లోపలికి వచ్చేవాళ్లు. ముగ్గురికీ ఉన్నది ఒకటే టీవీ. అందరికీ నచ్చేది ఏదో ఒకటి ఉంటుందిలే అని ఒక యాప్‌కి ఏడాది ప్యాక్ కట్టేశాను. పాత కార్టూన్ వాళ్లందరూ ఒకే ఊళ్లో ఉండే సీరియల్ ఒకటి అందులో ఉందని చూసి ఆశపడ్డాను. మూడో రోజుకి చిన్నోడు ఏడుపు, పాప విసుగు. పెద్దోడొక్కడే పడీ పడీ నవ్వాడు.

ఆ తర్వాత నుంచి ఏదైనా పెట్టేముందు నేను రెండు భాగాలు చూస్తున్నాను, తర్వాత పిల్లల పక్కన కూర్చుని ఇంకోసారి చూస్తున్నాను. ఒకే రకంగా కనిపించే ఈ సీరియల్స్ మధ్య ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. పిల్లలకి ఏది పెట్టాలో తేల్చుకోలేక టెన్షన్ పడే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

ఒక కార్టూన్‌లో పేరు తెచ్చుకున్న పాత్రని తీసుకుని దానితో ఇంకో సీరియల్ చేస్తే స్పిన్-ఆఫ్ అంటారు. పెద్దవాడిగా తెలిసిన పాత్రని పసివాడిగా మార్చి చూపిస్తారు. లేదా పక్కన ఉండే పాత్రకి సొంత కథ ఇస్తారు. లేదా వేరు వేరు కార్టూన్ల వాళ్లందరినీ తెచ్చి ఒకే ఊళ్లో కాపురం పెట్టిస్తారు. ఇది కొత్త పద్ధతి కాదు. 1940లో టామ్ అండ్ జెర్రీని పుట్టించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1957లో సొంత సంస్థ పెట్టుకుని, టీవీ కోసం తక్కువ ఖర్చులో కార్టూన్లు తీయడం మొదలుపెట్టారు. యోగీ బేర్ అనే ఎలుగుబంటి 1958లో హకిల్‌బెరీ హౌండ్ అనే కుక్క షోలో ఒక పక్క పాత్ర. జనానికి నచ్చింది కాబట్టి 1961లో దానికి సొంత షో ఇచ్చారు. 1977 వచ్చేసరికి యోగీ, స్కూబీ-డూ, ఇంకా వాళ్ల పాత పాత్రలు మొత్తం 45 మందిని మూడు జట్లు చేసి ఒలింపిక్స్ లాంటి పోటీలు పెట్టించారు. అదే లాఫ్-ఎ-లింపిక్స్. తీసేవాళ్లకి ఇందులో ఉన్న సౌకర్యం తెలుస్తూనే ఉంది. పిల్లలకి ముందే తెలిసిన ముఖం అయితే కొత్తగా పరిచయం చేసే కష్టం ఉండదు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఆ ముఖాలు అమెరికా పిల్లలకి తెలుసు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది కాబట్టి నా వయసు వాళ్లకి కొంత తెలుసు. మా చిన్నోడికి హకిల్‌బెరీ హౌండ్ ఎవరో ఎలా తెలుస్తుంది?

అందుకని నేను ఒక్కటే పరీక్ష పెట్టుకున్నాను. అసలు సీరియల్ ఎన్నడూ చూడని పిల్లలకి ఇది చూసి నవ్వు వస్తుందా లేదా? ఈ ఆలోచన నాకు తోలుబొమ్మలాట నుంచి వచ్చింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద బొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. జిల్లాలు విడిపోయాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, మాకు మాత్రం మా అనంతపురం ఊరే. తోలుబొమ్మలాటలో రామాయణం ఆడినా భారతం ఆడినా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చేస్తారు. వాల్మీకి రామాయణంలో బంగారక్క లేదు, వ్యాస భారతంలో జుట్టుపోలిగాడు లేడు. అయినా లంకలో యుద్ధం జరుగుతుండగా వాళ్లు తెర మీదికి వస్తే "వీళ్లెవరు?" అని ఎవరూ అడగరు. మా జేజి చెప్పేది, బంగారక్క నోరు తెరిస్తే చాలంట, పోలిగాడు ఏం చేయబోతున్నాడో పసిపిల్లలకి కూడా తెలిసిపోయేదంట. పాత్ర గుణం అంత తేటగా ఉంటే దాన్ని ఏ కథలో పెట్టినా బతుకుతుంది. లేకపోతే పాత పేరు ఎంత గొప్పదైనా నిలబడదు. (వాళ్ల హాస్యంలో పెద్దవాళ్ల మాటలు కూడా ఉంటాయి, అన్నీ పిల్లలకి పనికిరావు. అది వేరే సంగతి.)

ఇక నాలుగేళ్ల వాళ్ల సంగతికి వస్తాను. ఎక్కువ జాగ్రత్త కావలసింది వాళ్లకే.

మైటీ లిటిల్ భీమ్, మా ఇంట్లో బుజ్జి భీమ్ అంటాం, మన పక్క రాష్ట్రంలోనే పుట్టింది. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ పెట్టిన రాజీవ్ చిలక గారి ఛోటా భీమ్ 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. ఆ భీమ్‌నే ఇంకా మాటలు రాని పసివాడిగా చేసి 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేశారు. ఇందులో మాటలు లేవు. నవ్వులు, కేకలు, చప్పుళ్లు, సంగీతం, అంతే. ఒక్కో భాగం చాలా చిన్నది, నేను చపాతీ పిండి కలిపేలోపు అయిపోతుంది. చుట్కీ, రాజు, కాలియా ఎవరో తెలియకపోయినా నష్టం లేదు. నెత్తి మీద చిన్న పిలక, ఒంటి మీద గోచీ, కళ్ల ముందు లడ్డు, మధ్యలో ఒక అడ్డంకి. చిన్నోడికి మొదటి నిమిషంలోనే అర్థమైపోయింది. హోలీ, దీపావళి, గాలిపటాల పండగ మీద విడిగా తీసిన భాగాలు కూడా ఉన్నాయి. దీపావళిది మా జేజి కూడా వాడితో కూర్చుని చివరిదాకా చూసింది. ఎనభై ఏళ్ల మనిషి, నాలుగేళ్ల పిల్లోడు ఒకే చోట నవ్వడం నేను చూసిన మంచి దృశ్యాల్లో ఒకటి.

అందులో నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. బుజ్జి భీమ్ లడ్డు కోసం ఎక్కని చోటు ఉండదు, మొయ్యని బరువు ఉండదు. మా చిన్నోడు రెండు స్టూళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, అటక మీది చెనక్కాయ ఉంటల డబ్బా కోసం ఎక్కబోయాడు. నేను సమయానికి చూశాను. ఆ రోజు నుంచి "భీమ్‌కి బొమ్మ ఒళ్లు, కింద పడినా నొప్పి పుట్టదు, నీకు పుడుతుంది" అని ప్రతి భాగం తర్వాత చెబుతున్నాను. నాలుగేళ్ల పిల్లలకి ఇది చెప్పేవాళ్లు పక్కన లేకపోతే పెట్టకండి.

దీనికి పోటీగా నేను చూసింది బగ్స్ బన్నీ బిల్డర్స్. 2022లో వచ్చింది. లూనీ ట్యూన్స్‌లోని కుందేలు బగ్స్, బాతు డాఫీ, పంది పోర్కీ, పసుపు పిట్ట ట్వీటీ, సుడిగాలిలా తిరిగే టాజ్, లోలా, అందరూ కలిసి కట్టడాలు కట్టే పని చేస్తుంటారు. మన వైపు మాటలో చెప్పాలంటే బేల్దారి జట్టు. పాత లూనీ ట్యూన్స్‌లో ఒకరినొకరు తుపాకులతో కాల్చుకోవడం, డైనమైట్ పెట్టుకోవడమే హాస్యం. ఇందులో అవేవీ లేవు. ఎవరికో ఏదో కట్టి పెట్టాలి, పని మధ్యలో తప్పు జరుగుతుంది, ఎక్కడ తప్పిందో చూసుకుని మళ్లీ కడతారు. జేసీబీ, క్రేన్, సిమెంట్ కలిపే బండి అంటే ప్రాణం పెట్టే పిల్లలుంటే ఇది వాళ్ల కోసమే. మా ఎదురింటి అబ్బాయి వాళ్ల నాన్న బేల్దారి పనికి పోతాడు. వాడు దీన్ని చూసి "మా నాయన కూడా ఇట్లే టోపీ పెట్టుకుంటాడు" అని ఎంత గర్వంగా చెప్పాడో.

అయితే ఇది మాటల మీద నడిచే షో. వాళ్లు ఏమంటున్నారో అర్థం కాకపోతే సగం పోయినట్టే. నాలుగేళ్లలోపు పిల్లలకి, తెలుగు తప్ప ఇంకో భాష పట్టుబడని పిల్లలకి బుజ్జి భీమే ముందు. ఐదు దాటి, ఇంగ్లీష్ లేదా హిందీ కొంచెం అందుకుంటున్న వాళ్లకి బిల్డర్స్ మంచిది. రెండింట్లో ఒక్కటే అంటే నేను భీమ్‌నే ఎంచుకుంటాను. పెద్ద భీమ్ సీరియల్‌లో నన్ను ఇబ్బంది పెట్టే గుణాలు రెండు ఇందులో బాగా తగ్గాయి. ఒకటి, ప్రతి చిక్కునీ చివరికి పిడికిలితో తేల్చడం. రెండోది, లావుగా ఉన్న పిల్లాణ్ని ఎప్పుడూ నవ్వులపాలు చేయడం.

ఏడెనిమిదేళ్ల వాళ్లకి లెక్క మారుతుంది. వాళ్లకి కథ కావాలి, స్నేహితులతో చెప్పుకోవడానికి సంగతులు కావాలి.

వి బేబీ బేర్స్ 2022 జనవరిలో మొదలైంది. దీనికి ముందు 2015లో వచ్చిన వి బేర్ బేర్స్‌లో గ్రిజ్, పాండా, ఐస్ బేర్ అనే ముగ్గురు ఎలుగుబంటి అన్నదమ్ములు పెద్దవాళ్లు, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటారు. ఇందులో ఆ ముగ్గురూ చంటివాళ్లు. ఒక మాయ అట్టపెట్టెలో కూర్చుని కొత్త కొత్త లోకాలకి వెళుతూ, ఉండడానికి ఒక ఇల్లు వెతుక్కుంటారు. పాత సీరియల్ చూడకపోయినా ఫరవాలేదు. గ్రిజ్ అన్నిటికీ ముందు దూకుతాడు, పాండా బెదురు మనిషి, ఐస్ బేర్ రెండు మాటల్లో తేల్చేస్తాడు. తోలుబొమ్మల పరీక్షలో ఇది బాగా నెగ్గింది. నవ్వుతో పాటు కొంచెం దిగులు కూడా ఉంటుంది. మూడో భాగం అయ్యాక పాప "వాళ్లకి అమ్మ లేదా?" అని అడిగింది. టీవీ ఆపి చాలాసేపు మాట్లాడుకున్నాం. పిల్లల చేత అలాంటి ప్రశ్న అడిగించే షో అంటే నాకు గౌరవం. కానీ అమ్మానాన్నలు దూరంగా పనికి వెళ్లి, అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకి చూపించేటప్పుడు పక్కన ఒకరు ఉండండి.

ఇదే వయసుకి ఆగీ అండ్ ద కాక్రోచెస్ నెక్స్ట్ జనరేషన్ అని ఇంకోటి ఉంది. నీలం పిల్లి ఆగీ, దాన్ని పీడించే మూడు బొద్దింకలు ఫ్రాన్స్‌లో జిలామ్ సంస్థ వాళ్ల సృష్టి, 1998 నుంచి ఉంది. అసలు దాంట్లో మాటలు లేవు. మన దేశంలో టీవీకి తెచ్చినప్పుడు సినిమా హీరోల గొంతులు అనుకరించి డైలాగులు పెట్టారు కాబట్టి, అది మాటలున్న కార్టూన్ అనే చాలామంది అనుకుంటారు. 2022లో వచ్చిన కొత్త సీరియల్‌లో ఆగీ ఇంటికి పియా అనే ఏడేళ్ల ఏనుగు పిల్ల వస్తుంది. ఆ పాప మన దేశం నుంచే వెళుతుంది. పాత ఆగీలో ఎంతసేపూ తన్నుకోవడమే. పియా వచ్చాక ఆగీకి ఒక బాధ్యత వచ్చింది, ఆ బాధ్యత నుంచే నవ్వు పుడుతుంది. పాత ఆగీ చూసి పిల్లలు ఒకరినొకరు మొట్టుకుంటున్నారని బాధపడేవాళ్లు, పూర్తిగా ఆపలేకపోతే, దీనికి మార్చి చూడండి. మా ఇంట్లో పనిచేసింది. రెండింటిలో ఏదంటే, కథ ఇష్టపడే పిల్లలకి బేర్స్, ఒక్కచోట కుదురుగా కూర్చోలేని పిల్లలకి ఆగీ. బెంగళూరు బస్సులో ఫోన్‌లో చూపించాలన్నా ఆగీనే. మాటలు లేవు కాబట్టి సౌండ్ ఆపేసినా పిల్లలకి అర్థమవుతుంది, పక్క సీటు వాళ్లకి ఇబ్బంది ఉండదు.

సినిమా హీరోలని చిన్నపిల్లలుగా మార్చిన లిటిల్ సింగం, గోల్‌మాల్ జూనియర్ లాంటివి కూడా ఈ వయసు వాళ్లు అడుగుతారు. చెడ్డవి అనను. కానీ ఆ హాస్యం చాలావరకు హిందీ సినిమా డైలాగుల మీద నిలబడి ఉంటుంది. ఆ సినిమాలు తెలియని పిల్లలకి మిగిలేది ఫైటింగే.

ఇప్పుడు జెల్లీస్టోన్. నా చేత ఏడాది ప్యాక్ కట్టించింది ఇదే. అయినా దీని మీద నాకు కోపం లేదు. ఈ రకంలో నేను చూసినవాటిలో తెలివైనది ఇదే. నేను పెట్టింది తప్పు పిల్లల ముందు, అంతే.

చౌడర్ అనే కార్టూన్ చేసిన సి.హెచ్. గ్రీన్‌బ్లాట్ దీన్ని 2021లో మొదలుపెట్టాడు. ఇందాక చెప్పిన హన్నా-బార్బెరా పాత్రల్లో చాలామంది ఇక్కడ ఒక ఊళ్లో ఇరుగుపొరుగు. పూర్వం పార్కుకి వచ్చినవాళ్ల తిండిబుట్టలు ఎత్తుకుపోయిన యోగీ, ఇక్కడ బూబూ, సిండీలతో కలిసి ఆసుపత్రి నడుపుతాడు. హకిల్‌బెరీ హౌండ్ ఆ ఊరి మేయర్. మగిల్లా అనే గొరిల్లాకి బట్టల కొట్టు, అందులో జాబర్‌జా అనే సొరచేప పని చేస్తుంది. టాప్ క్యాట్, అతని పిల్లి జట్టు ఎవర్ని మోసం చేద్దామా అని తిరుగుతుంటారు. డాగీ డాడీ అనే నాన్న కుక్క కూతురు ఆగీ డాగీని కాలు కింద పెట్టనివ్వడు. పాతకాలం కార్టూన్‌లో ఆ పిల్ల కొడుకు, ఇందులో కూతురు అయింది.

పాత యోగీ తెలిసినవాళ్లకి అతను డాక్టర్ అవడమే ఒక జోక్. తెలియని పిల్లలకి ఆ జోక్ పోతుంది. కానీ అక్క కొడుక్కి కూడా యోగీ తెలియదు, మరి వాడెందుకు అంత నవ్వాడు? వాడి పక్కన కూర్చుని చూశాక నాకు అర్థమైంది. వాడు నవ్వుతున్నది ఊరిని చూసి. కూతురి కోసం అతిగా బెంగపడే నాన్న, సాయం చేయబోయి ఇంకా చెడగొట్టే డాక్టర్, పని తప్పించుకునే కొట్టు గుమాస్తా, ఊరందరి గొడవలు తన మీద పడ్డ మేయర్. గుంతకల్లులో వాళ్ల వీధిలో కూడా అలాంటి మనుషులున్నారు. "పిన్నీ, ఈయన అచ్చం మా కింద పోర్షన్ మామ లాగే!" అన్నాడు డాగీ డాడీని చూపించి. కలగలుపు సీరియల్ ఇలా ఉంటే పాత పరిచయం అక్కర్లేదు.

మరి చిన్నోడికి, పాపకి ఎందుకు పట్టలేదంటే, వేగం. ఒక్కో కథ పదకొండు నిమిషాలే గానీ, అందులో పాతిక మంది వచ్చి పోతారు. ఒక జోక్ అర్థమయ్యేలోపు మూడు వెళ్లిపోతాయి. అరుపులు, గందరగోళం, అక్కడక్కడా పిల్లలు ఛీ అనేలాంటి వెకిలి హాస్యం ఉంటాయి. తొమ్మిదేళ్లు దాటాక పెట్టమని నా సలహా. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా చిన్నప్పుడు యోగీ, స్కూబీ, ఫ్లింట్‌స్టోన్స్ చూసి ఉంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టండి, రెండింతలు నవ్వు.

భాష గురించి ఒక మాట. చిన్నోడు కొన్నాళ్లు నీళ్లు కావాలంటే "పానీ" అనేవాడు, కార్టూన్ పుణ్యమే. మా వీధిలో ఉర్దూ మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు ఉన్నారు, పిల్లలు నాలుగు భాషలు నేర్చుకుంటే నాకు సంతోషమే. కానీ నవ్వు సొంత భాషలో వచ్చినంత త్వరగా పరాయి భాషలో రాదు. టీవీ ఛానల్ అయితే రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కి తెలుగు ఉందేమో చూడండి. పోగో, కార్టూన్ నెట్‌వర్క్, నిక్ లాంటివాటికి తెలుగు ఆడియో ఉంది, చాలా ఇళ్లలో అది తెలియక హిందీలోనే వదిలేస్తున్నారు. ఓటీటీలో షో మొదలయ్యాక భాష మార్చుకునే చోటు ఉంటుంది. అక్కడే వయసు గుర్తు కూడా కనిపిస్తుంది. U అంటే అందరికీ, U/A 7+ అంటే ఏడేళ్ల లోపు పిల్లలకి పెద్దవాళ్లు తోడుండాలని.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది యూట్యూబ్. పిల్లలు మైకులో "భీమ్ మోటు పత్లు కలిసి" అని అడిగేస్తారు. భీమ్ ఒక సంస్థది, మోటు పత్లు ఇంకో సంస్థది. వాళ్లు, స్పైడర్‌మ్యాన్, ఇంకెవరెవరో ఒకే వీడియోలో కలిసి తిరుగుతుంటే అది ఎవరో అనుమతి లేకుండా అతికించిందే అని ముందు అనుమానించండి. పైన బొమ్మ ముద్దుగా ఉంటుంది, లోపల సూదులు గుచ్చడం, రక్తం, పసిపిల్లలు చూడకూడనివి ఉన్నవి ఎన్నో బయటపడ్డాయి. 2017లో ప్రపంచమంతా దీని మీద గొడవ జరిగి యూట్యూబ్ చాలా ఛానళ్లు తీసేసింది కూడా. వీడియో కింద ఛానల్ పేరు చదవండి. ఛోటా భీమ్ అయితే గ్రీన్ గోల్డ్ వాళ్లదేనా అని చూడండి. ఒక భాగం అయ్యాక దానంతటదే ఇంకోటి మొదలయ్యే ఆటోప్లేని ఆపేయండి. చూసే సమయానికి కూడా గీత ఉండాలి. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్లలోపు వాళ్లకి అసలు స్క్రీనే వద్దంటోంది, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదంటోంది. ఆ గంటలో బుజ్జి భీమ్ మూడు భాగాలు, మధ్యలో మాటలు, ఇంకా టైం మిగులుతుంది.

డబ్బు విషయంలో నాలా ఏడాది ప్యాక్ కట్టకండి. ఈ షోలు ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మారుతుంటాయి, కట్టేముందు షో పేరు వెతికి అది అక్కడ ఉందో లేదో, ఏ భాషలో ఉందో చూసుకోండి. ఒక్క నెలకి కట్టి, మొదటి ఆదివారం రెండు మూడు షోల నుంచి ఒక్కో భాగం చూపించండి. బుధవారం నాటికి పిల్లలు పేరు పెట్టి ఏది అడుగుతారో అదే వాళ్లది. ఈ వేసవికి మా లెక్క ఇది: చిన్నోడికి పొద్దున బుజ్జి భీమ్, పాపకి సాయంత్రం బేర్స్. అక్క కొడుకు మే మొదటి వారంలో వస్తానన్నాడు, వాడు బస్సెక్కాక జెల్లీస్టోన్‌కి ఒక నెల కడతాను.